మిద్దె మీద నుంచి విమానాల ఫొటోలు: రెండు నెలలైనా ఒక్కటీ సరిగ్గా రావడం లేదు

తిరుచానూరు_మిద్దె
రెండు నెలలుగా మా మిద్దె మీద నుంచి విమానాలు తీస్తున్నాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్న కెమెరా, 70–300 మి.మీ. జూమ్ లెన్సు. రేణిగుంట విమానాశ్రయానికి వచ్చేవీ పోయేవీ కిందుగానే కనిపిస్తాయి. చాలా ఎత్తులో పోయేవి వేరే. ఇప్పటికి 800 ఫొటోలు తీసి ఉంటాను, ఒక్కటి కూడా ఎవరికీ చూపించేలా లేదు. విమానం అని తెలుస్తుంది, అంతే. కిటికీల వరస నీళ్లలో చూసినట్టు వంకర పోతుంది. ఏటీఆర్ (ప్రొపెల్లర్లతో ఎగిరే చిన్న విమానం) తీస్తే ప్రొపెల్లర్ ఆగిపోయి, విమానం ఇప్పుడే కింద పడుతుందేమో అన్నట్టు ఉంటుంది. కెమెరాను ఆటో మోడ్‌లోనే పెడతాను. వివరాలు చూస్తే షట్టర్ తెరిచి ఉండే సమయం ఒకదానికి సెకనులో 1/200 వంతు, ఇంకోదానికి 1/2000 వంతు అని ఉంది. నాకు ఖాళీ దొరికేది 11 నుంచి 1 మధ్యలో.

అసలు బాధ వేరే. వెనక వీధిలో ఒకాయన మా నాన్న దగ్గరికొచ్చి "మీవాడు మిద్దెక్కి ఆడవాళ్లను ఫొటోలు తీస్తున్నాడు" అని చెప్పిపోయాడు. నాన్న కెమెరా తీసి బీరువాలో పెట్టి తాళం వేశారు. మూడు రోజులైంది. నేను ఒక్క మనిషి ఫొటో కూడా తీయలేదు. ఇంట్లోంచి విమానాలు తీయడం తప్పా? చట్టం ఏమైనా అడ్డం వస్తుందా?

కొర్లగుంట_కెమెరా
ముందు ఆ ఆటో వదిలెయ్ తమ్ముడూ. షట్టర్ నీ చేతిలో పెట్టుకో. జెట్‌లకు 1/1000కి తగ్గొద్దు. అది సరే, మీ పక్కింటి కప్పు ఏంటి? రేకులా?

తిరుచానూరు_మిద్దె
అవునన్నా, తూర్పు పక్క సిమెంటు రేకుల షెడ్డు. దానికీ దీనికీ ఏం సంబంధం?

కొర్లగుంట_కెమెరా
సంబంధమంతా అక్కడే ఉంది. మిట్టమధ్యాహ్నం తారురోడ్డు మీద నీళ్లు నిలిచినట్టు కనిపిస్తాయి చూడు, అదే నీ లెన్సు ముందూ జరుగుతోంది. కాలిన రేకు మీద నుంచి వేడిగాలి లేచి పైగాలిలో కలుస్తుంటుంది. వేడిగాలి పలుచన, చల్లగాలి చిక్కన. ఆ రెండింటి గుండా వచ్చే వెలుతురు నిలకడగా రాదు. ఆ గాలిలోంచి నువ్వు విమానాన్ని చూస్తున్నావు. కిటికీలు వంకర పోయేది అందుకే.

ఇది తెలియక నేను ఏడాది పాటు అవస్థ పడ్డాను. లెన్సు పాడైందనుకుని రిపేరుకు ఇస్తే, వారం ఉంచుకుని "లెన్సుకేం కాలేదు" అని తిరిగిచ్చారు. ఇంటికి తెచ్చి మర్నాడు పొద్దున 6:30కి అదే లెన్సుతో, అదే మిద్దె మీద నుంచి తీస్తే విమానం తలుపు అంచు గీత కూడా కనిపించింది. నువ్వు 11కు ఎక్కుతున్నావు. తెల్లారి ఎక్కు. ఎండాకాలంలో 8 దాటితే దిగిపో. వాన కురిసి వెలిసిన పూట మాత్రం ఎప్పుడైనా ఎక్కొచ్చు, దుమ్మంతా కడిగేసి ఉంటుంది.

83ఎక్స్
ఇంత కష్టం ఎందుకబ్బా. నికాన్ పీ900 కెమెరా సెకండ్ హ్యాండ్‌లో కొను. 2015లో వచ్చింది, 83 రెట్ల జూమ్. నేను బైరాగిపట్టెడ నుంచి తీస్తాను. పైన పోయే విమానం పొట్ట మీద అక్షరాలు చదవొచ్చు. 300 లెన్సుతో ఎన్నాళ్లు తీసినా చీమ చీమే.

కొర్లగుంట_కెమెరా
బొమ్మ మూడింతలు పెద్దదైతే వేడి వంకర కూడా మూడింతలవుతుంది. వాడి కష్టం జూమ్ చాలక కాదు.

83ఎక్స్
నా ఫొటోలు చూసి మాట్లాడండి.

గాదంకి_గాలి
ఇద్దరిదీ కొంత నిజం, లెక్క వేసి చూద్దాం. ఎయిర్‌బస్ ఏ320 విమానం పొడవు దాదాపు 37.6 మీటర్లు. అది 11 కిలోమీటర్ల ఎత్తులో సరిగ్గా నీ నెత్తి మీద ఉందనుకో. 300 లెన్సులో సెన్సారు మీద పడే బొమ్మ 1 మిల్లీమీటరు. 24 మెగాపిక్సెళ్ల మామూలు కెమెరాలో అది దాదాపు 260 పిక్సెళ్లు. అదే పీ900లో 900 దాకా వస్తుంది. కాబట్టి ఎత్తులో పోయేవాటికి 83ఎక్స్ అన్న మాట సరే.

కానీ ఆ లెక్క నెత్తి మీద ఉన్నప్పుడే. అదే విమానం 30 డిగ్రీల ఎత్తులో వాలుగా కనిపిస్తుంటే నీకూ దానికీ మధ్య దూరం 22 కిలోమీటర్లు. బొమ్మ సగమైపోతుంది, మధ్యలో గాలి రెట్టింపవుతుంది, నేలకు దగ్గరగా ఉండే దుమ్ముగాలి కూడా రెట్టింపే. చాలామంది విమానం కనపడగానే నొక్కడం మొదలుపెడతారు. నెత్తి మీదికి వచ్చేదాకా ఆగు. రేకుల షెడ్డు మీదుగా చూడాల్సిన పని కూడా తప్పుతుంది.

ఎయిర్‌ఫోర్స్_తాత
ఇంకో సంగతి. శబ్దం విని తల ఎత్తితే అక్కడ విమానం ఉండదు. 11 కిలోమీటర్ల నుంచి శబ్దం మన చెవికి చేరేసరికి అరనిమిషం దాటుతుంది. ఆలోపు అది ఇంకో 8 కిలోమీటర్లు పోయి ఉంటుంది. శబ్దం ఎక్కడ వినిపిస్తుందో అక్కడి నుంచి అది పోయే దిక్కులో బాగా ముందుకు వెతకాలి. సర్వీసులో చేరిన కొత్తలో మాకు ఇదే మొదటి పాఠం.

చిత్తూరు_చిన్ని
తాతా, మీరు చెప్పింది ఇప్పుడే మా మిద్దె మీద చేసి చూశాను. దొరికింది!! నేను ఇన్నాళ్లూ ఖాళీ ఆకాశం వైపు చూస్తూ మెడ నొప్పి తెచ్చుకున్నాను.

మెకానికల్_మురళి
ఏటీఆర్ ప్రొపెల్లర్ సంగతి ఎవరూ చెప్పలేదు. ఏటీఆర్ 72–600లో ఒక్కో ప్రొపెల్లరుకు ఆరు బ్లేడ్లు, అంటే ఒక బ్లేడుకూ ఇంకో బ్లేడుకూ మధ్య 60 డిగ్రీలు. టేకాఫ్‌లో నిమిషానికి 1200 చుట్లు, సెకనుకు 20. 1/2000లో బ్లేడు కదిలేది 4 డిగ్రీలు కూడా కాదు, అందుకే ఆగిపోయినట్టు ఉంది. 1/250లో 29 డిగ్రీలు. 1/125 పెడితే 58, అంటే ఒక బ్లేడు జాడ పక్క బ్లేడుదాకా పాకి గుండ్రంగా పళ్లెంలా వస్తుంది. చూడ్డానికి అది చాలా అందంగా ఉంటుంది. కానీ 1/125లో విమానంతో పాటు కెమెరాను నడుము తిప్పుతూ సమానంగా తిప్పాలి, లేకపోతే విమానమే చెదిరిపోతుంది. 1/250తో మొదలుపెట్టి నెలనెలా తగ్గించుకుంటూ రా.

కొర్లగుంట_కెమెరా
మురళి చెప్పినది గద్దల మీద అభ్యాసం చెయ్. మన ఊళ్లో గద్దలకు కొదవ లేదు, టైం టేబుల్‌తో పని లేదు.

తిరుచానూరు_మిద్దె
అన్నీ రాసుకుంటున్నాను. కానీ కెమెరా బీరువాలో ఉందన్నా.

ప్లీడరుగారి_అబ్బాయి
చట్టం సంగతి చెబుతాను. 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లో 13వ నిబంధన ఉంది. ప్రభుత్వ విమానాశ్రయంలోనూ, ఎగురుతున్న విమానంలోంచీ అనుమతి లేకుండా ఫొటోలు తీయకూడదు అనేది దాని సారాంశం. నీ మిద్దె విమానాశ్రయం కాదు. అక్కడి నుంచి ఆకాశంలోకి తీయడం ఆ నిబంధన కిందికి రాదు. అలాగని రేణిగుంట కంచె పక్కన స్టాండు వేసుకుని నిలబడొద్దు, సెక్యూరిటీ వాళ్లు ఆపితే వాదన పెట్టుకోవద్దు. మిలిటరీ విమానం పోతే తీయకు. తీసినా ఎక్కడా పెట్టకు.

2010లో బ్రిటన్ నుంచి వచ్చిన ఇద్దరిని ఢిల్లీ విమానాశ్రయం దగ్గరి హోటల్లో పట్టుకున్నారు. వాళ్లదీ ఇదే సరదా. పైలట్ల మాటలు వినే పరికరం కూడా దగ్గర పెట్టుకున్నారు. ఇంటికి పోవడానికి దాదాపు రెండు నెలలు పట్టింది. కాబట్టి ఫోన్లో ఫ్లైట్‌రాడార్24 (ఏ విమానం ఎక్కడుందో చూపే యాప్) చూసుకో చాలు, రేడియోల జోలికి పోవద్దు.

కుర్ర_పైలట్_పాకాల
డ్రోన్ ఎగరేసి దగ్గర నుంచి తీస్తే??

ఎయిర్‌ఫోర్స్_తాత
ఆ మాట ఇంకోసారి అనకు నాయనా. దిగే విమానం ఇంజన్లోకి డ్రోన్ పోతే లోపలున్న డెబ్బై మందీ ఏం కావాలి?

ప్లీడరుగారి_అబ్బాయి
2021 డ్రోన్ రూల్స్ ప్రకారం విమానాశ్రయం చుట్టూ 12 కిలోమీటర్ల దాకా ఆంక్షలు ఉన్నాయి. తిరుచానూరు అందులోకే వస్తుంది. తిరుమల మీద అయితే డ్రోన్ పూర్తిగా నిషేధం, మాడవీధుల్లో ఎగరేసి కేసుల్లో ఇరుక్కున్నవాళ్లు ఉన్నారు. వద్దు.

కుర్ర_పైలట్_పాకాల
సరే తాతా, తప్పైంది.

అలిపిరి_అక్క
అందరూ షట్టర్ దగ్గరే ఉన్నారు. ఆ అబ్బాయి బాధ గురించి ఒకరూ మాట్లాడలేదు.

తమ్ముడూ, నువ్వు తప్పు చేయలేదని నమ్ముతాను. కానీ ఆ వెనక వీధి ఆయన చెప్పినదీ తీసిపారేసేది కాదు. నేను తలస్నానం చేసి మిద్దె మీద జుట్టు ఆరబెట్టుకుంటుంటే ఎదురింటి మీద అంత పొడుగు లెన్సు కనిపిస్తే నాకూ గుండె ఝల్లుమంటుంది. అది ఆకాశం వైపు ఉందో నా వైపు ఉందో అంత దూరం నుంచి ఎలా తెలుస్తుంది? ఆయనకు ఆడపిల్లలు ఉన్నారేమో కనుక్కో. మీ నాన్నగారిని వెంటబెట్టుకుని వాళ్లింటికి పో. కెమెరా కార్డు మొత్తం చూపించు, బాగా రానివి కూడా. దాచడానికి ఏమీ లేదని వాళ్లకు అప్పుడే తెలుస్తుంది.

83ఎక్స్
ఎందుకక్కా? తప్పు చేయనప్పుడు ఇంటికి పోయి సంజాయిషీ ఎందుకు ఇవ్వాలి? మన మిద్దె, మన కెమెరా.

అలిపిరి_అక్క
మన మిద్దే, కానీ వీధి అందరిదీ. నువ్వు బైరాగిపట్టెడలో ఎవరినీ అడక్కుండా తీస్తున్నావంటే మీ చుట్టుపక్కలవాళ్లు నిన్ను చిన్నప్పటి నుంచి ఎరిగినవాళ్లై ఉంటారు. అందరికీ ఆ సౌకర్యం ఉండదు.

83ఎక్స్
అది నిజమే అక్కా. మా పక్కింటి మామ నాకు అక్షరాభ్యాసం నాటి నుంచి తెలుసు.

పూతలపట్టు_రైతుబిడ్డ
అక్క చెప్పిందే మేలు. నేను పొలం గట్టు మీద కూర్చుని తీస్తాను కాబట్టి నాకా గొడవ లేదు. మామిడి తోటలో చిలకలను తోలడానికి ఎలాగూ ఉండాలి, పైన ఒక కన్ను వేసి ఉంచుతాను. మా వైపు విమానాలు మీకంటే కొంచెం కిందుగా పోతాయి. ఎందుకో తెలియదు.

గాదంకి_గాలి
బెంగళూరు నుంచి చెన్నైకి గీత గీస్తే చిత్తూరుకు దగ్గరగా పోతుంది. చిన్న ప్రయాణం కాబట్టి అవి పెద్ద ఎత్తుకు ఎక్కవు, ఎక్కీ ఎక్కగానే దిగాలి. దూర ప్రయాణాల విమానాలు మాత్రం ఇంకా బాగా ఎత్తులో పోతాయి. మీ పొలానికి 300 లెన్సు చాలు.

చిత్తూరు_చిన్ని
నా దగ్గర కెమెరా లేదు, ఫోనే. నేను తీసేది విమానం వెనక తెల్ల గీతలు. మురకంబట్టు వైపు పొద్దు వాలేటప్పుడు అవి నారింజ రంగుకు తిరుగుతాయి. ఇది విమానాల ఫొటో కింద లెక్కేనా? ఇంకో డౌటు. ఒకే దారిలో రెండు విమానాలు పోతే ఒకదానికి గీత వస్తుంది, ఇంకోదానికి రాదు. నిన్న పది నిమిషాల తేడాతో చూశాను.

గాదంకి_గాలి
లెక్కే. చాలా మంచి ప్రశ్న కూడా.

ఆ గీత పొగ కాదు. ఇంజన్ నుంచి వచ్చే నీటి ఆవిరి బయటి చలికి మంచు రవ్వలుగా మారుతుంది. అందుకు బయట సుమారు మైనస్ 40 డిగ్రీలు, అంతకన్నా చల్లగా ఉండాలి. మన ఉష్ణమండలంలో 11 కిలోమీటర్ల దగ్గర సరిగ్గా ఆ అంచున ఉంటుంది. 12 కిలోమీటర్లకు పోతే మైనస్ 50 దాకా దిగుతుంది. నువ్వు చూసిన రెండింటిలో గీత వచ్చినది బహుశా ఇంకొంచెం పైన పోయింది. ఈసారి యాప్‌లో రెండింటి ఎత్తూ రాసుకో, నాలుగు రోజుల్లో నీకే తెలిసిపోతుంది. గీత వెంటనే మాయమైతే పైగాలి పొడిగా ఉన్నట్టు. గంటసేపు నిలిచి దూది ఏకినట్టు పరుచుకుంటే తేమ ఉన్నట్టు. వానాకాలంలో అవి పడమటికి కొట్టుకుపోతాయి గమనించావా? కింద నైరుతి గాలి తూర్పుకు వీస్తుంటే పైన గాలి ఎదురు దిక్కులో ఉంటుంది. మా గాదంకిలో పెద్ద రాడార్ పెట్టి ఏళ్ల తరబడి కొలిచేది ఇలాంటి పైగాలులనే.

చిత్తూరు_చిన్ని
నోటుబుక్కు తీశాను. మొదటి పేజీలో రెండు గీతలు బొమ్మ వేసి పెట్టాను.

83ఎక్స్
గాలి సంగతి అయిపోతే ఒక గొప్ప చెప్పుకుంటాను. పోయిన ఆదివారం ఏ380 (రెండంతస్తుల పెద్ద విమానం) తీశాను, ఎమిరేట్స్‌ది. బెంగళూరుకు పోయేదే అయి ఉంటుంది.

ఎయిర్‌ఫోర్స్_తాత
దుబాయ్ నుంచి బెంగళూరుకు 2022 అక్టోబరు 30 నుంచి ఏ380 తిరుగుతోంది, నిజమే. కానీ దుబాయ్ పడమట ఉంది, బెంగళూరు మనకు పడమట ఉంది. అది బెంగళూరు దాటి తిరుపతికి ఎందుకొస్తుంది? ఇంజన్లు లెక్కపెట్టావా? ఏ380కి నాలుగు.

83ఎక్స్
ఇప్పుడే ఆ ఫొటో మళ్లీ తెరిచి చూశాను తాతా. రెండే ఉన్నాయి. బోయింగ్ 777 అయి ఉండాలి.

ఎయిర్‌ఫోర్స్_తాత
777 కూడా మంచి పట్టే. బొమ్మ దాచుకో. ఇక నుంచి పేరు చివర చెప్పు, ముందు ఇంజన్లు లెక్కపెట్టు.

సూళ్లూరుపేట_రాకెట్
మీ తిరుపతి వాళ్లకు ఒక మాట. షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) నుంచి మీకు నేరుగా 90 కిలోమీటర్లు. రాత్రి ప్రయోగం ఉన్నప్పుడు తూర్పు వైపు తెరిపిగా ఉన్న మిద్దె మీద కెమెరాను స్టాండు మీద పెట్టి, షట్టర్ ఒక నిమిషం తెరిచి ఉంచితే ఆ నిమిషంలో రాకెట్ పోయిన దారి ఒకే గీతగా పడుతుంది. ప్రయోగం ముందు ఆ వైపు ఆకాశం మూసేస్తారు, దానికి నోటామ్ అని నోటీసు వస్తుంది. ఆ వేళకు విమానాలు దారి తప్పించుకుని పోతాయి. రోజూ రానివి ఆ రోజు మీ మీదుగా రావచ్చు.

కొర్లగుంట_కెమెరా
2023 జూలై 14న చంద్రయాన్-3కి మా వీధి వీధంతా మిద్దెల మీదే ఉంది. మధ్యాహ్నం 2:35, మబ్బు. నాకు ఒక తెల్ల చుక్క దొరికింది. అది ప్రింటు వేయించి గోడకు పెట్టుకున్నాను.

తిరుచానూరు_మిద్దె
నాలుగు రోజులు ఇటు రాలేదు, క్షమించండి. అక్క చెప్పినట్టే చేశాం.

నాన్నను ఒప్పించడానికే రెండు రోజులు పట్టింది. ఈ పోస్టులన్నీ చదివి వినిపించాను. ప్లీడరుగారి అబ్బాయి రాసినది రెండుసార్లు చదివించుకున్నారు. ఆదివారం సాయంత్రం ఇద్దరం వాళ్లింటికి పోయాం. ఆయన ముందు కూర్చోమని కూడా అనలేదు. టీవీకి కార్డు పెట్టి మొదటి ఫొటో నుంచి చూపించాను. వంద దాటాక ఆయన "ఇంక చాల్లేవయ్యా" అన్నారు. నేను ఆపలేదు. మొత్తం 812. మధ్యలో వాళ్లమ్మాయి, ఎనిమిదో తరగతి, వచ్చి కూర్చుంది. "ఇది ఏ ఊరిది, అది ఏ ఊరిది" అని అడుగుతూనే ఉంది. చివరికి ఆయన "నా బిడ్డల భయం నాది, నువ్వేమనుకోవద్దు" అన్నారు. కాఫీ ఇచ్చారు. బయటికొచ్చాక నాన్న ఏమీ మాట్లాడలేదు, ఇంటికి పోగానే బీరువా తాళం తీశారు.

ఇక నుంచి ఉత్తరం వైపు, కొండ కనిపించే మూల నుంచే తీస్తాను. అటు ఇళ్లు లేవు, రేకులూ లేవు.

అలిపిరి_అక్క
మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పు. చదువుతుంటే కళ్లల్లో నీళ్లొచ్చాయి.

మెకానికల్_మురళి
812 చూపించావా సామీ!

ఎయిర్‌ఫోర్స్_తాత
మంచి పని చేశావు. కింద దిగే విమానాలకు ఒక కిటుకు చెబుతాను. రేణిగుంట రన్‌వే చివరల్లో 08, 26 అని ఉంటుంది. 80 డిగ్రీలు, 260 డిగ్రీలు అని అర్థం, అంటే దాదాపు తూర్పు పడమర. విమానం గాలికి ఎదురుగా దిగుతుంది, ఎదురుగానే లేస్తుంది. నువ్వు రేణిగుంటకు పడమట ఉన్నావు కాబట్టి, పడమటి గాలి గట్టిగా ఉన్న రోజు లేచేవి నీ వైపు వస్తాయి. తూర్పు గాలి రోజు అటు లేచి పోతాయి. పొద్దున్నే ఆరేసిన బట్టలు ఎటు ఊగుతున్నాయో చూసుకుని కూర్చో.

తిరుచానూరు_మిద్దె
మా అమ్మ బట్టలు ఆరేసే టైమూ, నేను ఎక్కే టైమూ ఇప్పుడు ఒకటే తాతా. వడియాలకు కాపలా కూడా నన్నే పెట్టింది.

గాదంకి_గాలి
కెమెరా వచ్చింది కాబట్టి నీకో పని. పౌర్ణమి దగ్గర్లో ఉంది. చంద్రుడి ముందు నుంచి విమానం పోయేది పట్టు. చంద్రుడి వెడల్పు అర డిగ్రీ. విమానం 22 కిలోమీటర్ల దూరంలో ఉంటే ఆ వెడల్పు దాటడానికి ఒక్క సెకను కూడా పట్టదు, 0.8 అనుకో. అంచును తాకకముందే నొక్కి పట్టాలి, వరసగా తీసే మోడ్‌లో. ఫోకస్ ముందే చంద్రుడి మీద చేసి మాన్యువల్‌లోకి మార్చెయ్. సూర్యుడితో మాత్రం ఈ ప్రయోగం వద్దు. లెన్సు ముందు సరైన సోలార్ ఫిల్టర్ లేకుండా సూర్యుడి వైపు చూస్తే కన్ను పోతుంది, కెమెరా కూడా పోతుంది.

తిరుచానూరు_మిద్దె
మూడు రాత్రులు పట్టింది. మొదటి రోజు మబ్బు. రెండో రోజు విమానం చంద్రుడికి బెత్తెడు పక్కన పోయింది. ఈ రోజు నాన్న పక్కన నిలబడి ఫోన్లో యాప్ చూస్తూ "వస్తోంది, వస్తోంది, ఇప్పుడు" అన్నారు. ఆయన "ఇప్పుడు" అనేసరికి నేను నొక్కి పట్టే ఉన్నాను. నాలుగు ఫ్రేములు పడ్డాయి. రెండింట్లో తోకే ఉంది. ఒకదాంట్లో మొత్తం విమానం, నల్లగా, రెక్కలు చాచుకుని చంద్రుడి కింది భాగంలో ఉంది. ఇంజన్ వెనక చంద్రుడి మీద మచ్చలు కరిగినట్టు అలలు కనిపిస్తున్నాయి. పెడుతున్నాను చూడండి.

కొర్లగుంట_కెమెరా
ఆ అలలు ఇంజన్ వేడిగాలివి. ఇన్నాళ్లూ నీ ఫొటో పాడుచేసినదే ఇప్పుడు బొమ్మలో పడింది. అద్భుతం తమ్ముడూ.

చిత్తూరు_చిన్ని
నా ఫోన్ వాల్‌పేపర్ మార్చేశాను.

83ఎక్స్
300తోనా ఇది? ఒప్పుకున్నాను.

ఎయిర్‌ఫోర్స్_తాత
పెద్ద సైజులో పెట్టు. కళ్లజోడు పెట్టుకుని వస్తాను.

తిరుచానూరు_మిద్దె
పెట్టాను తాతా. ఇంజన్లు రెండు. నాన్నే ముందు లెక్కపెట్టారు.